మీకు తెలుసా? మనసు బాగోగులు అడిగే నర్సులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు–గుంతకల్లు రైలు దారిలో ఉన్న ఊళ్లు. ఇంట్లో ఒకరి మనసు చెదిరిందంటే ఈ వైపు జనానికి ముందుగా గుర్తొచ్చే పెద్దాసుపత్రి బెంగళూరులోని నిమ్హాన్స్. దాని పేరు వినని కుటుంబం ఇక్కడ అరుదు. అక్కడ, అలాంటి ఇతర చోట్ల నర్సులు ఏం అడుగుతారో, ఏం రాసుకుంటారో, ఆ రాతల్లోంచి ఏం తేలిందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఈసారి ఈ శీర్షిక మొత్తం వాళ్ల పని గురించే.

◆ ఆసుపత్రి మంచం కంటే ఇంటికి వచ్చిపోయే నర్సే ఎక్కువ మేలు చేయగలదని బెంగళూరులో 40 ఏళ్ల కిందటే తేలిందని మీకు తెలుసా?

నిమ్హాన్స్ పరిశోధకులు పాయ్, ఆర్.ఎల్. కపూర్ స్కిజోఫ్రీనియా రోగులను రెండు జట్లుగా తీసుకున్నారు. ఒక జట్టును మామూలుగానే వార్డులో చేర్చారు. రెండో జట్టును ఇంట్లోనే ఉంచి, శిక్షణ పొందిన నర్సును క్రమం తప్పకుండా ఆ ఇళ్లకు పంపారు. మందులు వేసుకుంటున్నారా, తింటున్నారా, పడుకుంటున్నారా అని చూడడం, ఇంటివాళ్లతో కూర్చుని వాళ్ల భయాలు వినడం, ఏం చేయాలో చెప్పడం, ఇదీ నర్సు పని. ఆరు నెలల తర్వాత పోల్చి చూస్తే ఇంటి దగ్గరున్న జట్టే మెరుగ్గా ఉంది. జబ్బు లక్షణాలు తగ్గాయి, మనుషులు పనిపాటల్లో పడ్డారు, కుటుంబం మీద భారం తగ్గింది, ఖర్చూ తగ్గింది. 1983లో అచ్చయిన అధ్యయనం అది. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. తెలిసిన మనిషి ఒకరు పదేపదే గడప తొక్కడమే అందులోని కొత్తదనం. ఇంత చవకైన ఉపాయం ఇన్నేళ్లయినా మన పల్లెల దాకా నిండుగా చేరలేదంటే కష్టంగా ఉంటుంది.

◆ రోగి పక్కన ఉన్నవాళ్ల బాధను కొలిచే కొలబద్ద కూడా ఆ ఇద్దరిదే.

పాయ్, కపూర్‌లు 1981లో ‘ఫ్యామిలీ బర్డెన్ ఇంటర్వ్యూ షెడ్యూల్’ అనే ప్రశ్నావళిని ప్రచురించారు. 24 ప్రశ్నలు, ఆరు విభాగాలు. డబ్బు పరంగా పడిన దెబ్బ, ఇంటి పనులు తప్పిపోవడం, పండగా పబ్బం సరదా లేకపోవడం, ఇంట్లోవాళ్ల మధ్య మాటలు చెడడం, చూసుకునేవాళ్ల ఒంటి ఆరోగ్యం, వాళ్ల మనసు. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి రెండు దాకా మార్కులు. భారం లేకపోతే సున్నా, విపరీతంగా ఉంటే రెండు. మన దేశపు కుటుంబాలను చూసి తయారు చేసిన ఈ ప్రశ్నావళిని ఇప్పటికీ దేశంలోనూ బయటా వాడుతున్నారు. మానసిక నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేసే విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

దీన్ని ధర్మవరంలోని ఒక చేనేత ఇంట్లో వాడితే ఏం కనిపిస్తుందో ఊహించండి. మగ్గం ఉన్నది ఇంట్లోనే. భర్త మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే భార్య కండెలు చుడుతుంది. పడుగు అతకడానికి, జరీ సర్దడానికి పిల్లలో ముసలివాళ్లో చేయి వేస్తారు. చీర కోసి ఇస్తేనే కూలి. ముందే తీసుకున్న అడ్వాన్సు అందులోంచి తెగుతుంది. అలాంటి ఇంట్లో నేసేవాడికి నిద్ర పోయి, మాట పోయి, గుంతలో దిగాలంటేనే మనసొప్పని స్థితి వస్తే ఆగేది ఒక మనిషి పని కాదు, నలుగురి పని. ఉద్యోగస్తుల ఇళ్లలో ‘డబ్బు’, ‘రోజువారీ పనులు’ అనే రెండు విభాగాలు వేర్వేరుగా ఉంటాయేమో. ఇక్కడ రెండూ ఒకటే. చేనేత కార్మికుల ఆత్మహత్యల వార్తలతో ధర్మవరం పేరు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. అప్పుల లెక్క ఆ వార్తల్లో ఉంటుంది. అంతకు ముందు నెలల్లో ఆ ఇంట్లో ఎవరికి నిద్ర పట్టలేదు, ఎవరు అన్నం మానేశారు, ఆ సంగతి ఎవరైనా అడిగారా అన్నది ఉండదు. అది నర్సు అడగగల ప్రశ్న.

◆ మానసిక నర్సింగ్‌లో ప్రత్యేక శిక్షణ బెంగళూరులో 1956లోనే మొదలైంది.

దాని వెనక కొంచెం కథ ఉంది. స్వాతంత్ర్యానికి ముందు సంవత్సరం, 1946లో భోర్ కమిటీ దేశ ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. అప్పటి లెక్క ప్రకారం ఇంత పెద్ద దేశానికి ఉన్నవి 19 మానసిక ఆసుపత్రులు, 10,181 మంచాలు. శిక్షణ పొందిన సిబ్బంది లేనిదే లాభం లేదన్నది కమిటీ మాట. ఆ సిఫారసు ఫలితంగానే బెంగళూరులోని మైసూరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిని ఆనుకుని 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది. రెండేళ్లకు నర్సుల కోర్సు మొదలైంది. 1974లో ఆసుపత్రి, సంస్థ రెండూ కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. 2012లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాధాన్యం గల సంస్థ హోదా పొందింది.

◆ ‘నర్సు ఒక్కతే పుస్తకం రాయడమేమిటి’ అని నాలుగేళ్లు ఆగిన పుస్తకమే మానసిక నర్సింగ్‌కు పునాది అయింది.

రాసినామె అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ. 1948కే రాత పూర్తయింది. పక్కన డాక్టరు పేరు లేకుండా నర్సు పేరు మీద పుస్తకం వేయడం ఆనాటివాళ్లకు మింగుడుపడలేదు. చివరికి 1952లో వెలువడింది. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే వైద్యంలో భాగమని, దానికి మొదలు, నడక, ముగింపు ఉంటాయని, దాన్ని గమనించి రాసుకోవచ్చని ఆమె వాదం. మందు వేసే చేయిగానే కనిపిస్తున్న నర్సు ఆ పుస్తకంతో వినే మనిషిగా కూడా కనిపించింది.

మన నర్సింగ్ విద్యార్థులు పోస్టింగులో రాసే ‘ప్రాసెస్ రికార్డింగ్’ ఆ ఆలోచన నుంచి వచ్చిందే. ఈ నోటుబుక్కు బయటివాళ్లు చూడరు కాబట్టి కొంచెం దగ్గరగా చూపిస్తాను. పేజీని నిలువు గళ్లుగా గీస్తారు. ఒక గడిలో రోగి అన్నది అన్నట్టుగా, ఇంకో గడిలో విద్యార్థి అన్నది అన్నట్టుగా, పక్కన అప్పుడు ముఖం ఎలా ఉంది, చేతులు ఏం చేస్తున్నాయి, చివరి గడిలో ఆ మాట రోగికి సాయపడిందా లేదా. ఉదాహరణకు ఇలా ఉందనుకోండి:

‘నిద్ర రాల్యా పాపా. ఇంటికి ఎప్పుడు పంపిస్తారో ఏమో.’

‘బాధపడొద్దు పెద్దమ్మా, అంతా సర్దుకుంటుంది.’

మనకు ఇందులో తప్పేమీ కనిపించదు. మంచి మాటే కదా అనిపిస్తుంది. పాఠం చెప్పే మేడం మాత్రం ఎర్రసిరాతో ‘తప్పుడు భరోసా’ అని రాస్తుంది. ఎందుకంటే సర్దుకుంటుందో లేదో ఆ అమ్మాయికి తెలియదు. పైగా ఆ మాటతో పెద్దమ్మ నోరు మూతపడింది. ‘రాత్రంతా ఇల్లు గుర్తొచ్చిందా పెద్దమ్మా?’ అని అడిగి ఊరుకుంటే ఆమె ఇంకో నాలుగు మాటలు చెప్పేది. ఆ నాలుగు మాటల్లో మనవడి సంగతో, కోడలి భయమో, మందు వేసుకుంటే నోరు ఎండిపోతోందన్న విషయమో బయటపడేది. ఇరవై ఏళ్ల పిల్లలకు ఊరుకోవడం నేర్పడం ఎంత కష్టమో, నేర్చుకున్నాక ఎంత పనికొస్తుందో ఆ ఎర్రసిరా గీతలు చూస్తే అర్థమవుతుంది. నన్నడిగితే ఈ ఒక్క అభ్యాసం నర్సింగ్ కాలేజీలకే కాదు, బీఈడీ వాళ్లకూ పెట్టాలి.

◆ మానసిక రోగుల వార్డంటే విద్యార్థులకు భయం. ఆ భయం మీద కూడా పరిశోధనలు ఉన్నాయి.

బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో మెంటల్ హెల్త్ నర్సింగ్ ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. అప్పటిదాకా మెడికల్, సర్జికల్ వార్డుల్లో సెలైన్లు, ఇంజెక్షన్లు చూసిన పిల్లలు మొదటిసారి సైకియాట్రీ వార్డులో అడుగుపెడతారు. మీద పడతారేమో, తిడతారేమో, ఏం మాట్లాడాలి అన్న భయం. నిమ్హాన్స్ నర్సింగ్ విభాగానికి చెందిన పోరెడ్డి విజయలక్ష్మి, సహ పరిశోధకులు నర్సింగ్ విద్యార్థులకు మానసిక రోగుల పట్ల ఉండే అభిప్రాయాల మీద అనేక అధ్యయనాలు ప్రచురించారు. మన దేశంలోనూ బయటా ఇలాంటి పరిశోధనల్లో పదేపదే కనిపించే ఫలితం, క్లాసులో విన్న పాఠం కంటే రోగులతో గడిపిన వారాలే భయాన్ని ఎక్కువ తగ్గిస్తాయని. కొందరిలో ఆ మార్పు నిలవదన్నదీ నిజమే.

ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. మన నర్సింగ్ కాలేజీల సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటిది ఒకే మూస. ముందు ఒక పరీక్ష, తర్వాత పాఠం, వారం తర్వాత మళ్లీ అదే పరీక్ష. ఒత్తిడి గురించి పాఠం చెబితే ఒత్తిడి గురించిన మార్కులు పెరిగాయి అని తేలుతుంది. పాఠం చెబితే మార్కులు పెరగక ఏమవుతాయి? ఆ విద్యార్థికి ఆ రాత్రి నిద్ర పట్టిందా, హాస్టల్లో ఒంటరితనం తగ్గిందా, మూడు నెలల తర్వాత పరిస్థితి ఏమిటి అన్నది తెలియాలి. తెలిసింది ఎంత అని కొలవడం సులువు. బాగున్నది ఎంత అని కొలవడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక చూపించిన పరిశోధనలే రోగులకు పనికొచ్చాయి.

◆ బాగున్నారా అని ఐదే ఐదు మాటల్లో కొలవొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో 1998 నుంచి వాడుకలో ఉన్న ‘డబ్ల్యూహెచ్ఓ–5’ ప్రశ్నావళిలో బాధ గురించి ఒక్క మాటా ఉండదు. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నారా, నెమ్మదిగా ఉన్నారా, ఒంట్లో చురుకు ఉందా, పొద్దున లేచేసరికి అలసట తీరిందా, రోజులో మనసుకు నచ్చిన పనులు ఉన్నాయా, ఇవే అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. మొత్తం 25ను నాలుగుతో హెచ్చిస్తే నూటికి లెక్క వస్తుంది. 50 లేదా అంతకు తక్కువ వస్తే ఇంకొంచెం లోతుగా మాట్లాడాలి. ‘నీకు డిప్రెషన్ ఉందా’ అంటే ఎదురు తిరిగే మనిషి కూడా పొద్దున లేస్తే ఎలా ఉంటుందని అడిగితే జవాబు చెబుతాడు. తలనొప్పి, గ్యాసు, నరాల నీరసం అంటూ ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లేవాళ్లలో కొందరి అసలు ఇబ్బంది మనసుదే. అలాంటివాళ్ల దగ్గర మొదలుపెట్టడానికి ఈ ఐదు మంచి దారి.

◆ మన నర్సింగ్ పరిశోధనలకు పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం హిందూపురం ఎమ్మెల్యే చేతుల మీదుగా వచ్చింది.

1985 ఎన్నికల్లో హిందూపురం నుంచి గెలిచి ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్.టి. రామారావు హయాంలోనే 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఆ తరహాలో మొదటిది అదే. తర్వాత ఆయన పేరే పెట్టారు. రాష్ట్రంలోని నర్సింగ్ కాలేజీల సిద్ధాంత గ్రంథాలు చేరేది అక్కడికే.

◆ దేశమంతటికీ చేసిన మానసిక ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం లేదు.

2015–16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 12 రాష్ట్రాలు ఎంపిక చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు, కర్ణాటక కూడా లేదు. ముందస్తు ప్రయోగంగా మాత్రం కర్ణాటకలోని కోలారు జిల్లాలో చేశారు. తెలుగు మాట్లాడే జనం దండిగా ఉన్న జిల్లా అది. జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఈ అంకెలను మన జిల్లాలకు నేరుగా అతికించకూడదు. ఇక్కడ అడగలేదు కాబట్టి ఇక్కడి జవాబు మనకు లేదు, అంతే.

డాక్టర్ల లెక్క మాత్రం వేసుకోవచ్చు. 2019 నాటి అంచనా ప్రకారం దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులు. కనీసం ముగ్గురు ఉండాలంటారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 18 లక్షలు దాటింది. దేశ సగటు ప్రకారం జిల్లాకు 14 మందికి అటూ ఇటుగా రావాలి, ఉండాల్సిన లెక్కలో 55 మంది. పైగా ఉన్నవాళ్లు పెద్ద నగరాల్లోనే ఉంటారన్నది అందరికీ తెలిసిందే. అంతమంది డాక్టర్లు తయారయ్యేదాకా ఆగితే ఒక తరం గడిచిపోతుంది. నర్సులను, ఆశా కార్యకర్తలను సిద్ధం చేయడం దగ్గరి దారి.

◆ ఆ దగ్గరి దారిని మన పక్క జిల్లాలోనే తొక్కి చూశారు.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. దాన్ని ఒక జిల్లా మొత్తంలో ఎలా నడపాలో చూడడానికి 1980ల మధ్యలో నిమ్హాన్స్ ఎంచుకున్నది అనంతపురం సరిహద్దులో ఉన్న బళ్లారి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి ముఖ్యమైన మందులతో పల్లెల్లోనే వైద్యం నడిపారు. ఆ నమూనానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా దేశానికి వచ్చింది. మొదట తీసుకున్న నాలుగు జిల్లాల్లో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్. ఆ కార్యక్రమపు జిల్లా బృందంలో మానసిక వైద్యుడితో పాటు నర్సు పోస్టు కూడా ఉంటుంది. మీ జిల్లాలో ఆ పోస్టు భర్తీ అయి ఉందో లేదో ఎప్పుడైనా కనుక్కోండి.

◆ పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇస్తే వైద్యానికి వెళ్లేవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు.

పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పథకం అది. ఆశాలు ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగి, ఇబ్బంది ఉందని తేలినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, వెళ్లారో లేదో మళ్లీ చూసుకునేవాళ్లు. ఊళ్లలో మానసిక జబ్బంటే సిగ్గుపడక్కర్లేదని ప్రచారం కూడా జరిగింది. 12.6 చిన్న అంకెలా కనిపించొచ్చు. వెయ్యిలో ఎనిమిది మంది వెళ్లే చోట నూట ఇరవై ఆరు మంది వెళ్లారన్నమాట. గోదావరి పల్లెల్లో సాధ్యమైనది పెన్నా ఒడ్డున సాధ్యం కాకపోవడానికి కారణం కనిపించదు.

◆ మొక్కుబడికి వెళ్లినవాళ్ల మీద కూడా నిమ్హాన్స్ పరిశోధన చేసింది.

పెనుకొండ బాబయ్య దర్గాకు మతం చూడకుండా జనం వస్తారు. మనసు కుదురు తప్పితే డాక్టరు కంటే ముందు గుడికో దర్గాకో వెళ్లడం మన ప్రాంతమంతటా ఉన్నదే. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకుండా డాక్టర్ ఆర్. రఘురామ్ బృందం తమిళనాడులోని ముత్తుస్వామి గుడికి వెళ్లి చూసింది. మందుల్లేకుండా, ప్రత్యేక తంతులేమీ లేకుండా, సగటున ఆరు వారాలు ఇంటివాళ్లతో కలిసి అక్కడ ఉన్న 31 మందిని పరీక్షించారు. జబ్బు లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గింది. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కసురుకోని చోటు, పక్కన తనవాళ్లు, చేతనైన చిన్న పని. ఇవి మనిషికి ఎంత బలమో చెప్పే పరిశోధన అది. అలాగని మందులు మానేయమని దాని అర్థం కాదు, అధ్యయనంలో పోల్చడానికి ఇంకో జట్టు లేదు కూడా.

ఇదే విషయానికి రెండో వైపు ఎర్వాడి. అదే తమిళనాడులో, 2001 ఆగస్టు 6న, దర్గా చుట్టూ ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. ఆ గొలుసులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. దర్గాలకు వచ్చేవాళ్లకు అక్కడే మందులు కూడా అందేలా ‘దవా–దువా’ పేరుతో గుజరాత్‌లో, ఎర్వాడిలో పథకాలు నడిచాయి. ప్రార్థన ఆపమనకుండా పక్కనే నర్సు ఒక బల్ల వేసుకుని కూర్చునే ఏర్పాటు మన దర్గాల దగ్గర, గుళ్ల దగ్గర ఎందుకు ఉండకూడదు?

◆ నిమ్హాన్స్‌లో కాలుతున్న రొట్టె వాసన వస్తే ఆశ్చర్యపోకండి. పునరావాస విభాగం కింద అక్కడ బేకరీ ఉంది. కోలుకుంటున్నవాళ్లు పని నేర్చుకునేది అక్కడ.

◆ చావు ఆలోచన గురించి అడిగితే ఆ ఆలోచన పుట్టదని 2,342 మంది విద్యార్థుల మీద పరిశోధించి తేల్చారు.

‘అలాంటివి పిల్లల దగ్గర ఎత్తకూడదు, లేనిపోనివి తోస్తాయి’ అని మన ఇళ్లలో పెద్దవాళ్లు, కాలేజీల్లో లెక్చరర్లు అంటుంటారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్ల విద్యార్థుల్లో సగం మందికి ఆత్మహత్య గురించిన ప్రశ్నలున్న పత్రం ఇచ్చారు. మిగతావాళ్లకు ఆ ప్రశ్నలు లేని పత్రం. అడిగినందువల్ల ఎవరికీ దిగులు పెరగలేదు, ఆలోచనలు పెరగలేదు. అప్పటికే కుంగుబాటులో ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల కొంత ఊరటే కలిగింది. 2005లో అచ్చయిన ఈ ఫలితం ప్రతి స్టాఫ్ రూములోనూ తెలిసి ఉండాల్సినది. కుంగుబాటును కొలవడానికి మానసిక నర్సులు వాడే ‘పీహెచ్‌క్యూ–9’లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించే. సిగ్గుపడకుండా, గొంతు తగ్గించకుండా ఆ ప్రశ్న అడగడం శిక్షణలో భాగం.

మన దగ్గర విద్యార్థుల ఆత్మహత్యల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలన్నది అందులో ఒకటి. ఇంటర్ కాలేజీలకే కాదు, నర్సింగ్ కాలేజీలకూ ఇది వర్తిస్తుంది. రోగి మనసు చూడడం నేర్చుకుంటున్న విద్యార్థి కూడా రాత్రి డ్యూటీ చేసి, రికార్డులు రాసి, ఇంటికి దూరంగా ఉంటున్న పిల్లే కదా.

◆ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని ఇప్పుడు చట్టం నేరస్తుడిగా చూడదు.

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరేగా రుజువైతే తప్ప, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. చూసుకునే బాధ్యత ప్రభుత్వానిది. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాచిపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందుకే ఇది మళ్లీ చెప్పడం. అదే చట్టం 99వ సెక్షన్ పరిశోధకులకు వర్తిస్తుంది. మానసిక రోగిని పరిశోధనలో చేర్చుకోవాలంటే ఇష్టపూర్వకమైన, విషయం తెలిసిన అంగీకారం తీసుకోవాలి. కొడుకు సంతకం పెట్టాడు కదా అంటే కుదరదు.

దూరం పోలేనివాళ్లకు ఫోనుంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ–మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు. అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు.

◆ ‘మన మూలన పరిశోధనలేం వస్తాయి’ అనేవాళ్లు బత్తలపల్లి వైపు చూడాలి.

ధర్మవరానికి పక్కనే ఉన్న బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన సంస్థే ఆర్డీటీ. ఆ ఆసుపత్రిలో వైద్యం పొందిన హెచ్ఐవీ రోగుల వివరాలతో రాసిన పరిశోధన పత్రాలు అంతర్జాతీయ జర్నల్స్‌లో ఎన్నో వచ్చాయి. రోజూ ఓపీకి వచ్చే పల్లె జనం వివరాలను శ్రద్ధగా రాసి పెట్టుకోవడం వల్లే అది కుదిరింది. మానసిక ఆరోగ్యానికీ కావలసింది ఆ శ్రద్ధే.

బీఎస్సీ నర్సింగ్ ఏడో సెమిస్టర్‌లో పరిశోధన ఒక సబ్జెక్టు. ప్రాజెక్టు కోసం టాపిక్ వెతుక్కునే పిల్లలకు, వాళ్ల గైడ్లకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లోనే కావలసినన్ని ఉన్నాయి. పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల ఫ్యాక్టరీ చుట్టూ షిఫ్టుల్లో పనిచేసే కుర్రాళ్ల నిద్ర. హిందూపురంలో చదువుకుంటూ అద్దె గదుల్లో ఉండే ఇంటర్, డిగ్రీ విద్యార్థుల ఒంటరితనం. డిశ్చార్జి అయి బెంగళూరు నుంచి తిరిగొచ్చిన రోగులు మూడు నెలల తర్వాత మందులు వేసుకుంటున్నారా, ఆపేస్తే ఎందుకు ఆపేశారు, రైలు ఛార్జీ కోసమా, నోరు ఎండిపోతోందనా, ‘ఇంకెన్నాళ్లు’ అన్న మాట పడలేకనా. ధర్మవరం మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టే ఆడవాళ్లను డబ్ల్యూహెచ్ఓ–5లోని ఐదు ప్రశ్నలూ అడిగి, పాయ్–కపూర్‌ల 24 ప్రశ్నలూ అడిగి, ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లి అడగడం. వీటిలో దేనికీ ఖరీదైన పరికరం అక్కర్లేదు. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ ఇంటి మనిషి అంగీకారం, రెండోసారి వెళ్లడానికి బస్సు ఛార్జీ కావాలి.